మెట్లదీపము, రెండు స్విచ్చులు, ఒక డిమ్మరు

సైదాబాదులో మాకు పరిచయముగల యొక రెండంతస్తుల యింట నిటీవల నత్తగారు మెట్లమీద జారి పడిరి. ఎముక విరుగలేదు గాని కుడి మణికట్టు బెణికి, మూడు వారములు తమ చేతితో నన్నము కలుపుకొనలేకపోయిరి. ఆ మెట్లకు దీపము లేదా? కలదు. క్రింద నొకటి, మీద నొకటి స్విచ్చులును గలవు. ఆమె క్రింది స్విచ్చి నొక్కిరి, దీపము వెలుగలేదు. కరెంటు పోయినదనుకొని గోడ పట్టుకొని చీకటిలోనే యెక్కిరి. విచారింపగా, మనుమడు మేడమీది డిమ్మరును కడవరకు త్రిప్పి యార్పివేసెనని తెలిసినది. పిల్లవాని తప్పేమియు లేదు. తప్పు అమరికలో నున్నది.

డిమ్మరు కావలెనన్న కోరిక మంచిదే. మన అమ్మమ్మలు పండుకొనుటకు ముందు లాంతరు వత్తిని తగ్గించి యొక మూల నుంచెడివారు. హుసేన్ సాగరు గట్టున 1920లో విద్యుత్కేంద్రము వెలసి నగరమున కరెంటు దీపములు వ్యాపించినపుడు ఆ సుఖము పోయినది. దీపము వెలిగిన నిండుగా వెలుగును, లేనిచో నారును. నడిరేయి లేచిన వృద్ధులకు నిండు వెలుగు కన్నులు మిరుమిట్లు గొలుపును. ఆర్పిన పిదప చాలసేపు ఏమియు గానరాదు. వెలుగును తగ్గించు సాధనములు నాటకశాలలలో ముందే యుండెను గాని, గృహములలో గోడపెట్టెలో నిముడునట్టి చిన్న డిమ్మరును 1959లో అమెరికాలో జోయెల్ స్పైరా యనునాయన కనిపెట్టెను. మన కరెంటు సెకనుకు 50 మారులు ముందు వెనుకలకు ఊగును. ఆ యూపులో ప్రతి సగమునందును, అనగా సెకనుకు 100 మారులు, డిమ్మరు కొంతసేపు కరెంటును నిలిపి పిదప విడుచును. ఎంతసేపు నిలిపిన నంత వెలుగు తగ్గును.

ఇక మెట్లదీపము సంగతి. సామాన్యపు స్విచ్చికి రెండు మరలుండును, మెట్లస్విచ్చికి మూడు. దీనినే టూ-వే స్విచ్చి యందురు. ఒక స్విచ్చి మూలపు మరకు కరెంటు వచ్చును. రెండవదాని మూలపు మరనుండి దీపమునకు పోవును. నడుమ రెండు తీగలు స్విచ్చులను గలుపును. రెండును ఒకే తీగమీద నిలిచిన దీపము వెలుగును, వేర్వేరు తీగలమీద నిలిచిన నారును. అందుచేతనే యెక్కడ నొక్కినను ఫలమిచ్చును.

ఆ యింట పనివాడు రెండు మరల డిమ్మరు నొకటి తెచ్చి, మీది స్విచ్చికిని దీపమునకును నడుమ జేర్చెను. ఇది పనిచేయును, ఖర్చును తక్కువ. కాని డిమ్మరును పూర్తిగా త్రిప్పి యార్పినచో రెండు స్విచ్చులును నిరర్థకములగును. అత్తగారు పడిన దిందుచేతనే. ఆమె పడిన తరువాత అతడు, "అట్లైతే కింద గూడ ఒకటి పెడదామమ్మా, ఎవరిది వారికుంటది" అనెనట. కోడలు ఒప్పుకొనకపోవుట మేలైనది. ఒకే దీపమునకు రెండు సామాన్యపు డిమ్మరులు వరుసగా నుంచినచో ఒకటి తరిగిన కరెంటును రెండవది మరల తరుగును. దీపము మినుకుమినుకుమనును, సాధనములు చెడును.

తుదకు ట్రూప్ బజారులో విచారించి, నొక్కిన వెలిగి యారునదియు, త్రిప్పిన తగ్గి హెచ్చునదియు నగు మూడు మరల టూ-వే డిమ్మరును దెచ్చి మీది స్విచ్చికి బదులుగా నమర్చిరి. క్రింది స్విచ్చి యథాప్రకారముగా నున్నది. త్రిప్పుటవలన దీపము పూర్తిగా నారదు గనుక, క్రిందివారు నొక్కినపుడు కనీసము మసకవెలుగైనను వచ్చును. తగ్గించుట యొకచోటనే సాధ్యమగును. కావున రాత్రివేళ నెవరి చెయ్యి ముందు పడునో అక్కడ నుంచవలెను. వారింట అది అత్తగారి గది వాకిట నున్నది.

బల్బు విషయమున ననేకులు మోసపోవుదురు. పాత తీగబల్బు ఏ డిమ్మరుకైనను లొంగును. 2015లో ఉజాలా పథకము వచ్చిన పిదప ఇంటింట జేరిన సామాన్యపు ఎల్ఈడీ బల్బులు అట్లు లొంగవు. మినుకుమనును, జుమ్మనును, త్వరలో మాడును. డిమ్మబుల్ అని పెట్టెమీద వ్రాసియున్న దానినే కొనవలెను. డిమ్మరుమీద ఎల్ఈడీకి ఎన్ని వాట్లనుండి ఎన్ని వాట్లవరకు అని యుండునో అదియు జూడవలెను. కనీసపు సంఖ్యకు దిగువనుండు ఒంటి 5 వాట్ల బల్బు సరిగా వెలుగదు. ఇంట మిగిలిన ఫ్యాను రెగ్యులేటరును దీపమునకు దగిలించు పొదుపు మాత్రము వలదు.

డిమ్మరు పెట్టించునపుడే మరియొకటి చూపించుకొనుడు. కొన్ని పాత యిండ్లలో స్విచ్చి ఫేజు తీగమీద గాక న్యూట్రలు మీద నుండును. అపుడు దీపమారినను హోల్డరులో కరెంటుండును. బల్బు మార్చువారి ప్రాణము మీదికి వచ్చును. టెస్టరుతో నిమిషములో తెలియును. మెయిను కట్టివేసి, టెస్టరుతో మరల జూచిన పిదపనే మరలు విప్పవలెను. ఈ పని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుదే గాని మనది గాదు. కాని అతడు పని చేయునప్పుడు ప్రక్కన నిలిచి, మరలెన్ని, ఏ తీగ యెక్కడికి అని యడుగుటకు మన మేల సంకోచింపవలెను?

ఆ యింటి కోడలు అట్లే యడిగినది. వారి మెట్లమీద న్యూట్రలే తెగుచుండెను. ఆనాడే సరిచేయించిరి.