ఉదయపు కీళ్ళ బిగువు

తెల్లవారగానే లేచి పిడికిలి బిగింపబోగా వ్రేళ్ళు ముడుచుకొనకపోవుట కొందరికి అనుభవమే. మొదటినాడు “చేయి ఒత్తుకొని పండుకొంటిని కాబోలు” అని సరిపెట్టుకొందురు. వారము గడచిన పిమ్మట “చలిగాలి” అందురు. నెల గడచినచో “వాతము, వయస్సు పైబడుచున్నది కదా” అని నూనె మర్దనకు దిగుదురు. ఈ మాటలు ఒక్కొక్కప్పుడు నిజమే కావచ్చును. కాని వాటి చాటున రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను కీళ్ళవాత వ్యాధి దాగియుండుటయు కలదు.

మా పినతల్లిగారు ముగ్గులు పెట్టుటలో అందెవేసిన చేయి. మా చిన్నతనమున ధనుర్మాసము వచ్చినచో వీధి సగము ఆమె ముగ్గులతో నిండెడిది. 38వ ఏట ఆమెకు వ్రేళ్ళ మొదళ్ళు వాచినవి. చాకిరీ వలన వచ్చినదని ఇంటిల్లిపాదియు అనుకొంటిమి. ఆమెయు అట్లే అనుకొన్నది. మూడేండ్లకు వైద్యునికడకు పోవునప్పటికి వ్రేళ్ళు చిటికెనవ్రేలి వైపునకు ఒరిగిపోయినవి. మందులతో నొప్పి తగ్గినది గాని, ఒరిగిన వ్రేళ్ళు మరల నిటారు కాలేదు. ఆ మూడేండ్ల విలువ ఎట్టిదో చెప్పుటకే ఈ ప్రసంగము.

రోగములనుండి మనలను కాపాడు రక్షణశక్తి ఒకటి శరీరమున కలదు. అది దారితప్పి, కీళ్ళలోపలి పలుచని పొరపైననే దాడి సాగించుట ఈ వ్యాధి స్వభావము. పొర వాచి మందమై, క్రమముగా మృదులాస్థిని, ఎముకను కొరికివేయును. కనుక ఇది ముసలితనపు అరుగుదల కాదు. ఏ వయస్సుననైనను రావచ్చును. 30, 60 ఏండ్ల నడుమ మొదలగుట హెచ్చు. పురుషులలోకన్న స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. పొగత్రాగుట ఈ వ్యాధి వచ్చు అవకాశమును పెంచును.

గుర్తులలో మొదటిది ఉదయపు బిగువు. మోకాలి అరుగుదల గలవారికిని లేవగానే కొంత బిగువుండును గాని, నాలుగడుగులు వేసిన కొలది నిమిషములలోనే సడలును. ఈ వ్యాధిలో అట్లు కాదు. రేడియోలో భక్తిరంజని ముగిసినను, వార్తలు ముగిసినను చేయి స్వాధీనము కాదు. బిగువు అరగంటకు మించి, తరచు గంటకు పైగా నిలుచును. అరుగుదల నొప్పి పనితో పెరిగి విశ్రాంతితో తగ్గును. ఈ నొప్పి విశ్రాంతితో బిగిసి, కదలిన కొలది సడలును.

రెండవది నొప్పి పుట్టు చోటు. మణికట్లు, వ్రేళ్ళ మొదళ్ళు, వ్రేళ్ళ నడిమి కణుపులు, కాలివ్రేళ్ళ మొదళ్ళు దీనికి తొలి స్థానములు. గోటికి దగ్గరి కణుపులను సామాన్యముగా విడిచిపెట్టును. కుడిచేతికి వచ్చినది తరచు ఎడమచేతికిని వచ్చును.

మూడవది వాపు. కణుపు మెత్తగా ఉబ్బి, తాకిన వెచ్చగా ఉండవచ్చును. నిన్నటివరకు వదులుగానున్న ఉంగరము నేడు బిగియును. తడిబట్ట పిండుట, తాళము త్రిప్పుట, గుండీ పెట్టుకొనుట కష్టమగును. వట్టి కాళ్ళతో నేలపై అడుగిడిన గులకరాళ్ళపై నడచినట్లుండును.

నాలుగవది ఒంటి నలత. కారణము తెలియని అలసట, కొద్దిపాటి జ్వరము, ఆకలి మందగించుట, బరువు తగ్గుట కీళ్ళనొప్పితోపాటు కనబడవచ్చును.

ఈ గుర్తులున్నంత మాత్రమున వ్యాధి ఇదియేయని ఇంటివద్ద నిశ్చయించుకొనరాదు. 2005, 2006 సంవత్సరములలో ఆంధ్రదేశమున ప్రబలిన చికున్‌గున్యా జ్వరము నెలల తరబడి కీళ్ళను పట్టి పీడించిన సంగతి పలువురకు జ్ఞాపకముండును. తేడా తేల్చుట వైద్యుని పని. ఆయన కీళ్ళను నొక్కిచూచి, రక్తమున రుమటాయిడ్ ఫాక్టర్, యాంటీ సి.సి.పి. పరీక్షలు చేయించును. రక్తపరీక్షలో ఏమియు కనబడకున్నను వ్యాధి ఉండవచ్చును. కనుక వాపు తగ్గనిచో అంతటితో ఊరకుండరాదు. చిన్న కీళ్ళ వాపు, ఉదయపు బిగువు కొన్ని వారములు నిలిచినచో జాగు చేయక వైద్యునికి చూపవలెను. ఆరు వారములు దాటనిచ్చుట మంచిది కాదు. హైదరాబాదులోని నిమ్స్ వంటి పెద్ద వైద్యసంస్థలలో ఇందుకు ప్రత్యేకముగా రుమటాలజీ విభాగములు కలవు.

తొందరయేల యందురా? ఎముకకు చేటు తొలి ఒకటి రెండేండ్లలోనే ఆరంభము కావచ్చును. జరిగిన చేటును మందులు సరిదిద్దలేవు. జరుగబోవు దానిని చాలవరకు ఆపగలవు. వానిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధనలనుండియే ఈ జాతి మందులు వెలసినవి. తొలుత క్యాన్సరుకు వాడిన ఈ మందును కీళ్ళవాతమునకు అమెరికా ప్రభుత్వము 1988లో ఆమోదించినది. ఈ జబ్బునకు దీనిని వారమునకు ఒక్కమారే వాడుదురు. పొరపాటున ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము. గర్భిణులు వాడరాదు. వైద్యుని పర్యవేక్షణ, రక్తపరీక్షలు తప్పనిసరి.

పేరు తెలియని పొడులు, మాత్రలు ఒక్కనాటిలో నొప్పి మాన్పినవని మురియరాదు. వానిలో స్టెరాయిడ్ కలిసియున్నచో నొప్పి మరుగుపడును గాని, తగిన చికిత్స వెనుకబడును.

రేపు ఉదయము మీ ఇంట ఎవరైన చేతులు నలుపుకొనుచు కూర్చుండినచో “వాతము” అని త్రోసివేయకుడు. ఎంతసేపటినుండి, ఏ కణుపులలో, ఎన్ని వారములుగా అని అడుగుడు. తరచుగా ఇంటి ఆడవారు ఈ బాధను నోరు విప్పి చెప్పుకొనరు. అడుగువారుండినచో, వారి వ్రేళ్ళు ముగ్గు పెట్టుటకు నిలుచును.