మీకు తెలుసా? మెల్‌బోర్న్ చూసిన అమ్ముగూడ ఫార్వర్డ్

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను ప్రదర్శన క్రీడగా ఆడించారు. కోడిగుడ్డు ఆకారపు బంతి, జట్టుకు 18 మంది. అదే ఒలింపిక్స్‌లో మన భారత జట్టు గుండ్రటి బంతితో ఆడే మామూలు ఫుట్‌బాల్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో ఇరవై ఏళ్ల ఫార్వర్డ్ తులసీదాస్ బలరామ్ ఉన్నారు.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో ఓ పేద తమిళ కుటుంబం ఆయనది. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ కిరాయి కోచ్ రహీం సాబే ఇచ్చేవారని బలరామ్ తర్వాత గుర్తుచేసుకున్నారు. ప్రతిభను పసిగట్టే రహీం సాబ్ కన్ను అలాంటిది!

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన హంగేరీ మన మీద 2-1తో గట్టెక్కింది. మన ఏకైక గోల్ బలరామ్‌దే. పెరూ మీదా ఆయనే కొట్టారు. హంగేరీ ఆ ఏడాది కాంస్యం గెలిచింది, ఆల్బర్ట్ 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ గోల్ విలువ ఇప్పుడు తెలుస్తోందా?

1962లో బలరామ్‌కు జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం, అర్జున అవార్డు దక్కాయి. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ ముగ్గురినీ భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులనేవారు. మిగతా ఇద్దరికీ పద్మశ్రీ దక్కింది, ఈయనకు రాలేదు. ఊపిరితిత్తుల పొరకు వచ్చిన జబ్బు 27 ఏళ్లకే ఆట మాన్పించింది. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు.