సరుకు అయిపోయినాక వచ్చిన ఆర్డర్‌ను ఏం చేయాలి?

పంట పండించడం మీద, కషాయాల మీద మనం చాలా మాట్లాడుకున్నాం. ఈసారి అమ్మకం గురించి. అందులోనూ ఎవరూ పెద్దగా చెప్పని ఒక ఇబ్బంది గురించి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ వచ్చింది, డబ్బు కూడా పడింది, ఇంట్లో చూస్తే సరుకు లేదు. అప్పుడేం చేయాలి?

ఇది మా ఇంట్లో జరిగిందే. మాది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య ఒక పల్లె. ప్రకృతి సేద్యంలో పండిన శనక్కాయలను కట్టె గానుగలో ఆడించి, లీటరు సీసాల్లో నూనె అమ్ముతాం. దీపావళికి ముందు ఒకరోజు రాత్రి లెక్క చూసుకుంటే మిగిలింది 15 సీసాలు. ఫోన్‌లో ఉన్న ఆర్డర్లు 26. వాట్సాప్ గ్రూపులో కొన్ని, ఆన్‌లైన్ అంగడిలో కొన్ని, తెలిసినవాళ్లు ఫోన్ చేసి చెప్పినవి కొన్ని. అన్నిచోట్లా మేం చూపించింది అదే సరుకు. ఒకచోట అమ్మితే ఇంకోచోట తగ్గించలేదు. తప్పు మాదే.

మరుసటి రోజు ఈ మాట చెప్తే తెలిసిన పిల్లోడు ఒకడు చాలా తేలిగ్గా అనేశాడు: “దీనికెందుకన్నా ఇంత ఆలోచన? టౌన్‌లో మిల్లు నూనె దొరుకుతుంది. పదకొండు సీసాలే కదా. తెచ్చి పోసేద్దాం, ఎవురికి తెలుస్తాది?”

నిజం చెప్తున్నా, ఒక నిమిషం నాకూ సరే అనిపించింది. పండగ ముందర కొనేవాళ్లకు లేదని చెప్పాలంటే నోరు రాదు. మా ఇంటామె మాత్రం ఒకటే అనింది: “నూనె కోసమైతే వాళ్లు వాళ్ల వీధిలోనే కొనుక్కుంటారు. మన సేను చూసి కొంటాండారు. ఆ సేనులో లేని నూనె ఎట్లా పంపుతావు?”

అక్కడితో ఆ ఆలోచన ఆగిపోయింది.

మనం అమ్మేది నూనె ఒక్కటే కాదు

మామూలు వ్యాపారికి సరుకు అయిపోతే మార్కెట్‌లో కొని పంపితే సరిపోతుంది. ఒక కంపెనీ సబ్బు ఎక్కడ కొన్నా అదే సబ్బు. మన సరుకు అట్లా కాదు. సీసా మీద మన పేరు, మన ఊరు, మన పద్ధతి ఉంటాయి. లోపల వేరేవాళ్ల నూనె పోస్తే, ఆ నూనె ఎంత మంచిదైనా సీసా మీద రాసింది అబద్ధం.

చట్టం కూడా అదే చెబుతుంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం లేబుల్ మీద తప్పుడు వివరం ఉన్న ఆహారం అమ్మితే 3 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. జరిమానా కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఐదారేళ్లు కష్టపడి మందులు మాన్పించిన నేల పేరు పదకొండు సీసాలతో పోతుంది. మనం ఒక్కరం చేసినా “ప్రకృతి సేద్యం అంతా ఇంతేలే” అని చుట్టుపక్కల అందరినీ అంటారు.

మేం ఏం చేశాం

ఆర్డర్లన్నీ వచ్చిన వరుసలో నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ముందు వచ్చిన 15 మందికి ఆరోజే పార్శిల్ కట్టినాం. తెలిసినవాళ్లనో, పెద్ద మనుషులనో వరుస మార్చలేదు. మిగిలిన 11 మందిలో తొమ్మిది మంది మాకు నేరుగా ఆర్డర్ ఇచ్చినవాళ్లు. వాళ్లకు ఫోన్ చేసి మూడు దారులు చెప్పినాం. తర్వాత ఆడే గానుగ దాకా ఆగడం, లేదంటే ఇంట్లో ఉన్న కొర్రలు తీసుకోవడం, లేదంటే డబ్బు వెనక్కి.

ఐదుగురు ఆగుతామన్నారు. ఒకరు కొర్రలు తీసుకున్నారు. ఇద్దరు డబ్బు అడిగారు. ఒకరు ఫోన్ ఎత్తలేదు, ఆయనకు సాయంత్రానికి డబ్బు వేసి మెసేజ్ పెట్టినాం. ఎవరూ తిట్టలేదు. ఒకాయన మాత్రం, “ముందే చెప్పినారు, సంతోషం. చాలామంది పది రోజులు తిప్పి అప్పుడు లేదంటారు” అన్నాడు.

మీకూ పనికొస్తుందని మేం పంపిన మెసేజ్ ఇక్కడ పెడుతున్నా:

“నమస్తే అండీ. మీరు ఆర్డర్ ఇచ్చిన వేరుశనగ నూనె అయిపోయింది. లెక్క చూసుకోకపోవడం మా పొరపాటు. తర్వాత గానుగ వచ్చే వారం ఆడిస్తాం, మడ్డి దిగినాక పంపుతాం. అంతవరకు ఆగగలరా? లేదంటే ఈరోజే మీ డబ్బు పూర్తిగా తిరిగి వేస్తాం.”

పొరపాటు ఒప్పుకోవాలి, తేదీ చెప్పాలి, డబ్బు మాట చెప్పాలి. వానల మీదనో, కొరియర్ వాళ్ల మీదనో నెపం వేయకండి.

డబ్బు వెనక్కి వేసేటప్పుడు ఒక జాగ్రత్త. స్క్రీన్‌షాట్ చూసి వేయొద్దు. మన ఖాతాలో ఆ డబ్బు నిజంగా పడిందో లేదో చూసుకుని, వచ్చిన ఖాతాకే తిరిగి వేయండి. కట్టని డబ్బును వెనక్కి అడిగే మోసగాళ్లు ఉన్నారు.

ఆన్‌లైన్ అంగడిలో అయితే

పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మేవాళ్లకు ఈ పద్ధతి కొంచెం మారుతుంది. మా మిగతా రెండు ఆర్డర్లు అక్కడివే. అక్కడ కొనేవాళ్ల నంబరు మనకు నేరుగా దొరకదు. ఒక సరుకు బదులు ఇంకోటి పంపడం కుదరదు. సరుకు లేకపోతే “స్టాక్ లేదు” అనే కారణంతో మనమే క్యాన్సిల్ చేయాలి. ముందే కట్టిన డబ్బును ఆ అంగడివాళ్లే తిరిగి ఇస్తారు.

అయితే దానికి లెక్క ఉంటుంది. ఉదాహరణకు అమెజాన్‌లో, పార్శిల్ పంపకముందు అమ్మేవాళ్లు చేసే క్యాన్సిళ్లు 2.5 శాతం లోపల ఉండాలని నియమం. వారానికి వెయ్యి ఆర్డర్లు ఉన్న వ్యాపారికి ఇరవై క్యాన్సిల్ అయినా 2 శాతమే. మనలాంటి రైతుకు వారంలో పది ఆర్డర్లు వస్తే, ఒక్కటి క్యాన్సిల్ అయినా 10 శాతం. ఒక్క క్యాన్సిల్‌తో గీత తగలకుండా ఉండాలంటే 40 కన్నా ఎక్కువ ఆర్డర్లు ఉండాలి. అందుకే సరుకు లెక్క చిన్న రైతుకే ఎక్కువ ముఖ్యం.

ఈ లెక్క తప్పించుకోవడానికి కొందరు రెండు అడ్డదారులు తొక్కుతారు. సరుకు పంపకుండానే పంపినట్టు నొక్కేయడం ఒకటి. కొనేవాళ్లను బతిమాలి వాళ్లతోనే క్యాన్సిల్ చేయించడం ఇంకొకటి. రెండూ వద్దు. బయటపడితే ఖాతానే ఆగిపోవచ్చు.

ఇంకో మాట. 2020 జూలైలో కేంద్రం తెచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ఫిర్యాదు వస్తే అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. సేద్యం పనుల్లో ఉండి ఫోన్ చూడలేదంటే కుదరదు. ఇంట్లో ఒకరికి ఈ పని అప్పజెప్పండి.

సేనులో ఉన్నది స్టాక్ కాదు

అసలు ఈ ఇబ్బంది ఎక్కడ మొదలవుతుంది? సేనులో పంట చూసి, ఇంట్లో సరుకు ఉన్నట్టే రాసుకోవడంలో. శనక్కాయ లెక్కే చూడండి. 100 కిలోల ఎండు కాయ కొట్టిస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది. కట్టె గానుగలో పప్పు బరువులో దాదాపు 40 శాతం నూనె దిగుతుందనుకుంటే 28 కిలోలు. లీటర్లలో సుమారు 30. కాయ నాణ్యతను బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. పైగా ఆడించినాక మడ్డి దిగడానికి రెండు మూడు రోజులు కావాలి. కాబట్టి క్వింటాలు కాయ ఉందంటే మనం అమ్మకానికి చూపించాల్సింది 27, 28 సీసాలు, అదీ మడ్డి దిగి సీసాలకు ఎత్తినాకే.

ఒక్కో పంటకు ఒక్కో లెక్క. జమ్మలమడుగు నల్లరేగడిలో బుడ్డశనగ ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. అందుకని బస్తాలు లెక్కబెట్టి, విత్తనానికీ ఇంటికీ తీసిపెట్టి, మిగిలిందే చూపించాలి. కొర్రలు పొట్టుతో ఉంటే చాలాకాలం నిలుస్తాయి, బియ్యం చేసినాక త్వరగా ముక్కవాసన వస్తాయి. అందుకని ఆర్డర్లు చూసుకుని కొంచెం కొంచెంగా ఆడించుకోవాలి. పులివెందుల పక్క చీనీ, అరటి తోటలవాళ్లకు ఇది ఇంకా కష్టం. చీనీ కాయ కొన్ని రోజులు ఆగుతుంది, మాగిన అరటి ఆగదు. అట్లాంటి సరుకుకు “స్టాక్ ఉంది” అని పెట్టకుండా, కోత రోజు ముందే చెప్పి ఆర్డర్లు తీసుకోవడం మేలు.

ఇది మనకు కొత్త పద్ధతి కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పోయి నగ చేయించుకునేవాళ్లు ఏం చేస్తారు? అడ్వాన్స్ ఇస్తారు, వాళ్లు చెప్పిన రోజుకు వచ్చి తీసుకుంటారు. నగ ఇప్పుడే లేదని ఎవరూ అలగరు. చెప్పిన రోజుకు ఇయ్యకపోతేనే గొడవ. మన నూనె, మన పండ్లు కూడా అంతే.

ఇప్పుడు మేం పాటిస్తున్నది

ఆ దీపావళి తర్వాత మూడు అలవాట్లు చేసుకున్నాం. ఒకటి, సరుకును ముందే పంచేస్తాం. 30 సీసాలు ఉంటే ఆన్‌లైన్ అంగడికి 10, వాట్సాప్‌కు 12, నేరుగా వచ్చేవాళ్లకు 5. పగిలినా కారినా బదులు పంపడానికి 3 పక్కన పెడతాం. రెండు, రోజూ సాయంత్రం పాలు పితికినాక సీసాలు చేత్తో లెక్కబెట్టి ఫోన్‌లో అంకె మారుస్తాం. అయిపోతే అక్కడికక్కడే సున్నా పెడతాం. మూడు, పక్క ఊర్లో మాలాగే ప్రకృతి సేద్యం చేసే రైతుతో మాట్లాడుకున్నాం. నేరుగా అడిగినవాళ్లకు మా సరుకు లేకపోతే ఆయన పేరు, నంబరు ఇస్తాం. ఆయన నూనె ఆయన సీసాలోనే పోతుంది, డబ్బు ఆయనకే పోతుంది. ఆయన సరుకు అయిపోయినప్పుడు మా పేరు చెబుతాడు.

ఆగుతామన్న ఐదుగురికీ చెప్పిన వారంలోనే నూనె పోయింది. వాళ్లలో నలుగురు సంక్రాంతికి మళ్లీ ఆర్డర్ ఇచ్చారు. ఈసారి నూనె ఆడించకముందే “మా సీసా రాసి పెట్టండి” అన్నారు.

సీసాల లెక్క నోట్‌బుక్‌లో ఎట్లా రాసుకుంటున్నామో, ఫోన్‌లో అంకె ఎట్లా మారుస్తున్నామో ఈ వ్యాసంతో పాటు ఉన్న వీడియోలో మా ఇంటామె చూపిస్తుంది. చూసి మీ ఇంట్లో కూడా ఒక నోట్‌బుక్ తెరవండి. ఉంటే ఉందని, లేకపోతే లేదని చెబుదాం.