వాపు తీశాకే చీలమండ ఆపరేషన్

చీలమండ దగ్గర ఎముక మీద కండ దాదాపు ఉండదు. పలుచని చర్మం, దాని కింద కాస్త కొవ్వు, అంతే. తొడ ఎముక చుట్టూ దట్టమైన కండరాలు ఉంటాయి కాబట్టి అక్కడి గాయానికి రక్తం ధారాళంగా అందుతుంది. చీలమండకు ఆ వసతి లేదు. విరిగిన ఎముకను ప్లేటుతో, స్క్రూలతో బిగించడం ఎముకల డాక్టర్లకు రోజూ చేసే పనే. పైనున్న చర్మాన్ని కాపాడటమే అసలు కష్టం.

ఎముక విరగ్గానే దాని నుంచీ, తెగిన కీలు బంధనాల నుంచీ కారిన రక్తం చుట్టూ చేరుతుంది. దెబ్బతిన్న సన్న రక్తనాళాల నుంచి నీరు ఊరుతుంది. కాలు కిందికి వేలాడేస్తే ఆ నీరంతా అక్కడే నిలుస్తుంది. కొన్ని గంటల్లోనే చర్మం బిగిసి నిగనిగలాడుతుంది. లోపలి ఒత్తిడికి సన్న నాళాలు నొక్కుకుపోయి చర్మానికి ఆక్సిజన్ తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు కూడా లేవవచ్చు. వాటిలో తేటనీరు ఉంటే గాయం పైపైనే ఉన్నట్టు, రక్తం ఉంటే లోతుగా ఉన్నట్టు.

అలాంటి చర్మాన్ని కోస్తే కుట్ల అంచులు సరిగా అతకవు. నల్లబడి విచ్చుకుంటాయి, కింది ప్లేటు బయటపడుతుంది. లోహానికి బాక్టీరియా పట్టిందంటే మందులొక్కటే చాలవు, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. అందుకే వాపు రాకముందు, తొలి కొన్ని గంటల్లోనే ఆపరేషన్ చేస్తారు, లేదా అది తగ్గేదాకా ఆగుతారు. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చర్మం మీద మళ్లీ సన్నని ముడతలు కనిపించడం డాక్టర్లు చూసే గుర్తు. మరీ ఆలస్యమైతే విరిగిన చోట కొత్త ఎముక మొదలై, ముక్కలను సరిగా కూర్చడం కష్టమవుతుంది. ఇంట్లోవాళ్లకు కంగారు పుట్టించే ఆ ఎదురుచూపు కూడా చికిత్సే.

అన్నిటికీ ఆగరు. కీలు తప్పి ఉంటే వెంటనే సరిచేసి కట్టు వేయాలి, లేకపోతే సాగిన చర్మం చచ్చిపోతుంది. చర్మం చీలి ఎముక బయటపడితే వెంటనే యాంటీబయాటిక్ ఇచ్చి గాయాన్ని శుభ్రం చేయాలి. ఎముక నుగ్గై వాపు విపరీతంగా ఉంటే బయట నుంచి రాడ్లు బిగించి కాలును నిలిపి, అసలు ఆపరేషన్ తర్వాత చేస్తారు.

ఈలోగా కాలును గుండె కంటే ఎత్తులో ఉంచాలి. కుర్చీలో కూర్చుని పాదాన్ని స్టూలు మీద పెడితే ఆ ఎత్తు రాదు. పడుకుని కాలి కింద దిండ్లు పేర్చాలి. నూనె రాసి మర్దన చేయించడం, వాచిన కాలికి బిగుతుగా నాటుకట్టు కట్టించడం ప్రమాదకరం. కట్టు లోపల నొప్పి అంతకంతకూ పెరిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా అది అత్యవసర పరిస్థితే.

ఆపరేషన్ తర్వాత కుట్లు రెండు మూడు వారాలకు తీస్తారు, షుగరు ఉన్నవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. షుగరు వల్ల రక్తప్రసరణ తగ్గుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది. పాదాల్లో స్పర్శ పోయినవారికి గాయం చెడుతున్నా నొప్పి తెలియదు. బీడీ, సిగరెట్లలోని నికోటిన్ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, కాబట్టి గాయం మానేదాకా వాటిని ముట్టకూడదు. ఇక పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో పథ్యం పెడతారు. ఇది ఆధారం లేని మాట, రోగికి నష్టం చేసే మాట కూడా. చర్మం అతకడానికి ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్లు, చేపలు, పాలు ఏవైనా తినవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి.

గాయం మానాక కూడా సాయంత్రానికి కాలు వాచడం నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు. కానీ కుట్ల దగ్గర చీము, పెరుగుతున్న ఎరుపు, జ్వరం, పిక్కలో కొత్తగా నొప్పి కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే రక్తం గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.