చీటీ మీద అంకె ఎలా వస్తుంది?

సభ్యులారా, గెర్బర్ పరీక్షలో వెన్న గాజుగొట్టంలో పైకి తేలేది. గీతలు మీరే చూసుకునేవారు. ఇప్పుడు చాలా సంఘాలలో యంత్రం పాలలోకి ధ్వని తరంగాలు పంపి, వెన్న శాతాన్ని, ఎస్.ఎన్.ఎఫ్.ను లెక్కగట్టి, తనలో ఎక్కించిన రేటు పట్టిక ప్రకారం ధర అచ్చువేస్తున్నది.

ఆ లెక్కకు ఆవు పాలకొక అమరిక, గేదె పాలకొక అమరిక ఉంటాయి. గేదె పాలకు ఆవు మీట నొక్కితే యంత్రం ఆగదు, అడగదు. తప్పు అంకెనే నిబ్బరంగా చూపుతుంది. తనిఖీల్లో మేము ఇది చూశాము. ఒక సభ్యురాలు పది రోజుల చీటీలు కొంగున ముడివేసుకొని వచ్చింది. శాతం పడిపోయిందని పాపం గేదెకు దాణా కూడా మార్చిందట!

చీటీపై ముందు ఏ పాలని వేశారో చూడండి. అనుమానముంటే, పాలు క్యానులో కలవక మునుపే అదే నమూనాకు గెర్బర్ పరీక్ష కోరండి. కార్యదర్శులు ఆ పాత సామాను మూలన పడేయక, పనిచేసే స్థితిలో ఉంచాలి.