మెటాడోరు స్థానమున ట్రావెలరు

రానున్న 2027వ సంవత్సరమున గోదావరికి పుష్కరములు. స్నానఘట్టములను గూర్చియు, ప్రత్యేకపు రైళ్ళను గూర్చియు చర్చలు జరుగుట సహజమే. కాని పుష్కర యాత్రికులందరును రైలుపై రారు. పదిమందియో, పదునైదుమందియో బంధువులు గుంపుగా కూడి, ఊరిలోనున్న వ్యానును కిరాయికి మాట్లాడుకొని, వంటపాత్రలతోను పసిబిడ్డలతోను రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చుట మన జిల్లాలకు అలవాటైన పద్ధతి. ఆ వ్యాను ఏనాటిది, దాని స్థానమున క్రొత్తదానిని తేవలసిన భారము ఎవ్వరిది అను ప్రశ్న మాత్రము అంతగా వినబడుటలేదు. ముప్పదియేండ్లు నడచిన వ్యాను ఒకటి పోయి దాని స్థానమున వేరొకటి వచ్చిన చరిత్ర మన కన్నులయెదుటనే జరిగినది. దానిని తలచుకొన్నచో నేడు చేయవలసినది కొంత తెలియగలదు.

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట డెల్టాలో సరకులకును మనుష్యులకును కాలువయే రాజమార్గమైనది. ధవళేశ్వరము లాకులు దాటి పడవలు సముద్రతీరపు పట్టణములవరకు నడచెడివి. పడవ చేరని చోటికి ఎడ్లబండి చేరెడిది. తరువాత బస్సులు వచ్చినవి. కాని బస్సు పెద్దరోడ్డును విడిచి రాదు. రెండు బండ్లు ఎదురుపడినచో ఒకటి వెనుకకు పోక తప్పని కాలువగట్టు దారులలో ప్రయాణించి, ఇంటి ముంగిట నిలువగల మోటారుబండి కావలసియుండెను. 1969లో మనదేశమున వెలువడిన మెటాడోరు ఆ కొరతను తీర్చినది. ఆ పేరు స్పెయిను దేశపుది. ఎద్దుతో పోరాడి దానిని చంపు యోధుని అచ్చట అట్లు పిలుతురు. పేరు పెట్టినవారు మన ఎడ్లబండిని తలచి పెట్టియుండరు గాని, డెల్టాలో అది నిజముగనే పెక్కు ఎడ్లను కాడినుండి తప్పించినది.

అంబాజీపేట కొబ్బరికాయలను, రావులపాలెపు అరటిగెలలను, కడియపులంక పూలమొక్కలను, నరసాపురపు లేసుమూటలను అది మోసినది. పెండ్లివారిని మోసినది, ఆసుపత్రికి రోగిని మోసినది, నాటక సమాజమును తెరలతో సహా మోసినది. 1974లో రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ రైలు-రోడ్డు వంతెన ఏర్పడుటతో ఉభయ జిల్లాల వ్యానులకు నది అడ్డు తగ్గినది. 1979, 1991 సంవత్సరముల పుష్కరములకు పల్లెలనుండి జనము ఈ బండ్లలో వచ్చుట ఎరిగినవారు నేడును పెక్కుమంది గలరు. ఇతర సంస్థల వ్యానులను సయితము జనులు మెటాడోరులని పిలుచునంతగా ఆ పేరు నాటుకొన్నది.

ఈ బండిని నిర్మించినది బజాజ్ టెంపో సంస్థ. 1958లో దానిని స్థాపించిన నవల్‌మల్ ఫిరోదియాగారు, బొంబాయి శాసనసభకు అధ్యక్షులై యుండిన కుందన్‌మల్ ఫిరోదియాగారి కుమారులు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశాబ్దములలో మోటారుబండ్లను స్వదేశముననే నిర్మింపవలెనని పూనుకొన్నవారిలో వారొకరు. ఇంతవరకు మనము గర్వింపదగినదే. అయితే శ్రమ మనదైనను నమూనా మాత్రము జర్మనులది. హాంబర్గు నగరమును చేరియున్న హార్బర్గులో టెంపో కర్మాగారముండెను. అది కాలక్రమమున హానోమాగ్ సంస్థకును, పిదప డైమ్లర్-బెంజ్ సంస్థకును దక్కినది. ఆ చేతులు మారుటలో అచ్చటి మెటాడోరు వంశపు వ్యాను మెర్సిడెస్ ముద్రను కూడ ధరించి నడచినది. 1977లో డైమ్లర్-బెంజ్‌వారు దానిని మాని, దాని స్థానమున టి-1 అను క్రొత్త వ్యానును వెలువరించిరి. సరిగా పదేండ్లకు, 1987లో, ఆ టి-1యే టెంపో ట్రావెలరను పేర మనదేశమున నిర్మింపబడసాగెను. అనగా జర్మనీలో ఏ బండి స్థానమున ఏ బండి వచ్చెనో, మనకును ఆ బండి స్థానమున ఆ బండియే వచ్చినది! పదేండ్ల ఎడము మాత్రమే భేదము. జర్మనులు 1995లో టి-1ను కూడ విడిచి స్ప్రింటరను దానిని చేపట్టిరి. మనవారు మాత్రము దానినే దిద్దుకొనుచు, 2005లో సంస్థ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారిన పిదపకూడ నడిపించిరి. 2022-23 ప్రాంతమున అర్బేనియా అను క్రొత్త వ్యాను ఆ సంస్థనుండి వెలువడినను ట్రావెలరు ఉత్పత్తి ఆగలేదు.

రెండు బండ్లకును గల తారతమ్యమును ఎక్కినవారికి చెప్పనక్కరలేదు. మెటాడోరులో ఇంజను డ్రైవరు ప్రక్కనే, లోపల, మూతక్రింద నుండెడిది. వేసవిలో ఆ మూతయొక్క వేడి ముందు కూర్చున్నవారి కాళ్ళను కాల్చెడిది. పొగవాసనతో పిల్లలు డోకుకొనెడివారు. డ్రైవరు మోకాళ్ళకు ముందు పలుచని రేకు తప్ప వేరు రక్షణ లేదు. ఎదుటి బండి తగిలినచో మొదట తగులునది డ్రైవరునకే. ట్రావెలరునందు ఇంజనులో చాలభాగము ముందుకు జరిగి, పొట్టి ముక్కువలె బయటికి వచ్చినది. ఆ మూరెడు ముక్కు, దెబ్బ తగిలినపుడు ఎంత విలువైనదో వైద్యులను అడుగవలెను. ఎత్తైన కప్పుగల రకమున మనిషి నిలువుగా నడచిపోవచ్చును. మెటాడోరులో పెండ్లివారు తలలు వంచుకొని ఎక్కి, ప్రక్కబల్లలమీద మోకాళ్ళు మోకాళ్ళు తగులునట్లు కూర్చుండెడివారు.

ఈ వ్యాసకర్త చిన్నతనమున అమలాపురమునుండి అన్నవరమునకు ఒక వివాహబృందముతో పాత మెటాడోరులో పోయియుండెను. ఎక్కవలసినవారు పదునలుగురు, ఎక్కినవారు ఇరువదియిద్దరు. రత్నగిరి వాలున దిగునపుడు బ్రేకు అందక, డ్రైవరు గేరును తగ్గించి తగ్గించి, తుదకు గట్టువారగా మట్టిలోనికి త్రిప్పి బండిని నిలిపెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. పెండ్లిపెద్ద దిగివచ్చి, ఆలస్యమైనదని కిరాయిలో కొంత తగ్గింపుమని డ్రైవరుతో వాదులాడుట మాత్రము నేటికిని జ్ఞప్తియందున్నది.

క్రొత్త బండి వచ్చిన నాడే పాతబండిని ఆపివేయకుండుట ఈ మార్పునందు మెచ్చదగిన విషయము. 1987 మొదలు 2000వరకు పదమూడేండ్లు రెండు బండ్లును నిర్మింపబడినవి. చేతిలో సొమ్ముగలవాడు ట్రావెలరును కొనెను. లేనివాడు మెటాడోరునే కొనెను. షెడ్డులోని మేస్త్రీ ఒకదానిని బాగుచేయుచు రెండవదానిని నేర్చుకొనెను. వాహనముల పొగకు దేశవ్యాప్తముగా యూరపు ప్రమాణములను అనుసరించిన తొలి కట్టుబాటు 2000లోనే అమలునకు వచ్చినది. మెటాడోరు ఉత్పత్తి ముగిసినదియు ఆ యేడే. అమెరికాలోను ఇట్టిదే జరిగినది. అచ్చటి ఫోర్డువారి ఎకనోలైను 1961 నమూనాగా బయలుదేరి, అర్ధశతాబ్దమునకు పైబడి నడచి, పూర్తి వ్యానుగా 2014లో నిలిచిపోయినది. దాని స్థానమును యూరపున 1965లో పుట్టిన ట్రాన్సిట్ వ్యాను ఆక్రమించినది. అయినను ఆంబులెన్సులు మొదలైనవానిని కట్టుకొను కార్ఖానాలకొరకు పాతదాని చట్రమును ముందుభాగముతో కలిపి అమ్ముట ఫోర్డువారు మానలేదు. పాతబండిని నమ్ముకొన్న చిల్లరవృత్తులు ఎన్ని యున్నవో సంపన్న దేశపు వర్తకుడును లెక్కించుకొనక తప్పలేదు.

ఇచట ఒకమాట చెప్పక విడువజాలము. 1980వ దశాబ్దమున జపాను సంస్థల తోడ్పాటుతో చిన్న లారీలను నిర్మించు కర్మాగారములు మనదేశమున నాలుగు వెలసినవి. అందొకటి ఆంధ్రప్రదేశమునదే: హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కూడి జహీరాబాదున పెట్టినది. అది కొలది యేండ్లకే మహీంద్రావారి యధీనమైనది. తెలుగునాట పుట్టిన మోటారు పరిశ్రమ తెలుగువారి చేతిలో నిలువలేదు. తిరిగి మన డెల్టా వ్యానులకు పూనా, పీథంపురముల వంకనే చూడవలసినవారమైతిమి.

ఇక వ్యాను యజమానిని చూతము. మనవైపు పెక్కుచోట్ల యజమానియే డ్రైవరు. బండి ఒకటి; దానిపై అప్పు ఒకటి. వైశాఖ జ్యేష్ఠముల ముహూర్తములు, కార్తికమున క్షేత్రయాత్రలు, పిమ్మట మకరజ్యోతివరకు శబరిమల యాత్ర: ఇవియే వాని పంటకాలములు. తక్కిన దినములలో బడిపిల్లలో, కొబ్బరిబస్తాలో. పదునైదేండ్లు గడచునప్పటికి అప్పు తీరును; అప్పటినుండియే వానికి లాభము మొదలు. సరిగా ఆ సమయముననే బండి వార్ధక్యమును పొందును. అట్టివానికి ‘మార్చుము’ అని చెప్పుట సులభము. వాడు మార్చినను పాతబండి తునుకలై పోదు. వానికంటె పేదవాడొకడు దానిని కొనును. తీర్థయాత్రలనుండి పెండ్లిండ్లకును, పెండ్లిండ్లనుండి బడిపిల్లలకును, అటనుండి లంకదారులకును ఆ బండి మెట్టుమెట్టుగా దిగజారును. బండి యెంత పాతదైన అంత అడుగువారు లేని దారికి చేరును. తుది మెటాడోరులకు నేటికి పాతికేండ్లు నిండినవి. అవి మిగిలియున్నను కొలదియే. కాని తొలినాటి ట్రావెలరులకు అంతకు మించిన వయస్సు వచ్చినది. నాడు క్రొత్తబండి యనుకొన్నదియే నేటి పాతబండి!

2015 జూను మాసమున, పుష్కరములకు ఒక నెల ముందు, తిరుపతినుండి మరలివచ్చుచున్న యాత్రికుల వాహనమొకటి రాత్రివేళ ధవళేశ్వరము బ్యారేజిపైనుండి క్రింద పడి 22 మంది మరణించిరి. వారిలో పెక్కురు ఒకే కుటుంబమునకు చేరినవారు. ఒక బాలుడు మాత్రము బ్రతికెను. ఆ దుర్ఘటనకు బండి వయస్సే కారణమని మేము చెప్పుటలేదు. ఒక్క చిన్నవాహనమున అంతమంది ప్రయాణించుట మనకు వింతగా తోచకపోవుటయే మేమిచట గుర్తుచేయదలచినది.

ప్రభుత్వము తన బండ్లను మార్చుకొనగలదు. 2020 జూలై 1వ తేదీన విజయవాడలో 108, 104 సేవలకు 1,088 క్రొత్త వాహనములు ఒక్క ఉదయముననే బయలుదేరినవి. పదునైదేండ్లు దాటిన సర్కారు వాహనముల రిజిస్ట్రేషనులు 2023 ఏప్రిల్ 1 మొదలు రద్దగునట్లు కేంద్రము నియమము చేసినది. అది ప్రజాధనముతో సాగిన పని, తగినదే. ప్రైవేటు వాహనములకు 2021లో ప్రకటింపబడిన తునుకల విధానము యంత్రములతో పరీక్షింపుమనుచున్నది, పరీక్షలో ఓడినదానిని విరిచివేయుమనుచున్నది, క్రొత్తది కొనునపుడు కొంత రాయితీ చూపుమనుచున్నది. ఉద్దేశము మంచిదే గాని, తునుకల వెలతోను, ఆ రాయితీతోను క్రొత్త ట్రావెలరు ఇంటికి రాదు. కాకినాడ, ఏలూరులలో జిల్లా సహకార కేంద్రబ్యాంకులు గలవు. పంపుసెట్టునకును, ట్రాక్టరునకును అప్పు దొరకు డెల్టాలో, పాతబండిని విరిచినట్లు పత్రము చూపిన యజమానికి తక్కువ వడ్డీకి అప్పు దొరకునట్లు ఆ బ్యాంకులు ఏల పూనుకొనరాదు? ఆ పత్రమును చూపనిదే అప్పు ఈయరాదనుట ముఖ్యము. లేనిచో పాతబండి మరల లంకదారి పట్టును.

మన పాఠకులలో భూస్వాములును, పట్టణవాసులగు గృహస్థులును పెక్కుమంది. వ్యానులను కిరాయికి పిలుచువారు వారే. ఒక వివాహమునకు పందిరికిని, బాజాలకును, వీడియోకును లెక్కచూడని చేయి వ్యాను కిరాయివద్ద ముడుచుకొనుట ఏమి న్యాయము? రెండు బండ్లు కావలసినచోట ఒక్కదానిలో కుక్కుట డ్రైవరు నిర్ణయము కాదు, పెండ్లిపెద్ద నిర్ణయము. మంచిబండికి ఎక్కువ కిరాయి వచ్చునని తెలిసినచో యజమాని మంచిబండిని తెచ్చును. రెంటికిని ఒకే కిరాయి యైనచో అప్పుచేసి క్రొత్తది తెచ్చినవాడే నష్టపోవును. నేడు జరుగుచున్నది చాలవరకు ఇదియే.

పుష్కరములకు ముందు కార్తికము మొదలు ఫాల్గుణమువరకు రవాణాశాఖవారు రాజమహేంద్రవరము, అమలాపురము, కాకినాడ, భీమవరము, ఏలూరులలో యాత్రావ్యానులకు ప్రత్యేకముగా పరీక్ష జరుపవలెను. బ్రేకులు, టైర్లు, తలుపులు చూచి, కూర్చుండదగినవారి సంఖ్యను, బండి నిర్మితమైన సంవత్సరమును పెద్ద అక్షరములతో ముందుటద్దముపై అంటింపవలెను. ఎక్కువాడు చదువుకొనును. ఈ పరీక్షకు యజమానియొద్ద రుసుము తీసికొనరాదు. అన్నవరము, ద్వారకాతిరుమల, అంతర్వేది దేవస్థానములకు చేరు భక్తులే ఈ వ్యానులను నింపువారు గనుక, ఆ వ్యయమును ఆ దేవస్థానములు పంచుకొనుట ఉచితము.