తల్లి నాలుక నేర్పే ధైర్యం

తరగతిలో పాఠం జరుగుతుండగా బల్ల మీది ఇత్తడి గంట ధనాలున కింద పడిందనుకోండి. అందరూ ఉలిక్కిపడతారు. చాలామంది మరుక్షణమే నవ్వేసి పాఠంలో పడతారు. ఒకరిద్దరికి మాత్రం ఎంతసేపటికీ గుండెదడ తగ్గదు. “వాడు పుట్టుపిరికి” అనేస్తాం. నిజంగా అది పుట్టుకతోనే వచ్చిందా?

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ ప్రశ్నకు జవాబును ఎలుకల బోనుల్లో వెతికారు. తల్లి ఎలుకలన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని తమ పిల్లలను మాటిమాటికీ నాకుతూ ఉంటాయి. కొన్ని పాలిస్తాయి గాని అంతగా నాకవు. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దవయ్యాక ఆపద ఎదురైతే వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను తక్కువగా పెరుగుతుందని వీరు 1997లో ప్రకటించారు.

ధైర్యంగల తల్లికి ధైర్యంగల పిల్లలు పుట్టారు, అందులో వింతేముంది అంటారా? ఆ సందేహం వారికీ వచ్చింది. అందుకని పుట్టగానే పిల్లలను తారుమారు చేశారు. నాకని తల్లికి పుట్టి, నాకే తల్లి దగ్గర పెరిగిన పిల్లలు పెంచిన తల్లి పిల్లల్లాగే తయారయ్యాయి! నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే.

లోపల జరిగేదేమిటి? భయం వేయగానే మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు హార్మోనును వదులుతాయి. మనలో దాని పేరు కార్టిసాల్. అది మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగానికి చేరి అక్కడి గ్రాహకాలకు అతుక్కుంటుంది. “ఇక చాలు” అనే కబురు అక్కణ్ణుంచి బయలుదేరుతుంది. ట్యాంకు నిండగానే పైకి తేలి నీటిని ఆపే బంతి చూశారు కదా, అలాంటి ఏర్పాటే. గ్రాహకాలు తక్కువైతే కబురు బలహీనపడుతుంది. హార్మోను తొందరగా తగ్గదు.

నాకించుకోని పిల్లల్లో ఈ గ్రాహకాలు తక్కువ. గ్రాహకాన్ని తయారుచేయించే జన్యువు వాటికీ ఉంది. కాని దాన్ని పని చేయించే చోట మిథైల్ గుంపులు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల కూటములు, అతుక్కుని దాని నోరు నొక్కేస్తున్నాయి. తల్లి నాకుడును బట్టి ఈ తేడా పుట్టిన మొదటి వారంలోనే ఏర్పడుతుందని 2004లో తేలింది.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నది సామెత. ఇక్కడ మాను కూడా కొంత వంగింది! పెరిగిన ఎలుకల మెదడులోకి ట్రైకోస్టాటిన్-ఎ అనే రసాయనాన్ని ఎక్కిస్తే ఆ జన్యువు మళ్లీ నోరు విప్పింది. మనుషులకు వాడే మందు కాదిది.

మరి మనుషుల సంగతో? రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో శిశుగృహాల్లో పెరుగుతున్న 136 మంది పసివారితో 2000లో ఒక పరిశోధన మొదలైంది. ఆ గృహాల్లో తిండికి, బట్టకు లోటు లేకపోయినా ఎత్తుకుని ఆడించే చేతులు తక్కువ. అందులో సగం మందిని చీట్లు తీసినట్టుగా ఎంచి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. వారికి 8 ఏళ్లు వచ్చాక మెదడు విద్యుత్తరంగాలను కొలిచారు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికిన పిల్లల తరంగాలు, మొదటినుంచీ అమ్మానాన్నల దగ్గర పెరిగిన పిల్లల తరంగాల్లాగే ఉన్నాయి. ఆలస్యంగా ఇల్లు చేరినవారిలో అంత మార్పు కనిపించలేదు.